మూడో పట్టా మీద రైలు నడపాలంటే: సబ్‌స్టేషన్ నుంచి షూ దాకా

మూడో పట్టా పద్ధతి చూడ్డానికి చాలా సులువు. రైలు నడిచే రెండు పట్టాల పక్కన, వాటికంటే కొంచెం ఎత్తులో, ఇన్సులేటర్ల మీద ఇంకో పట్టా వేస్తారు. దానికి ప్లస్ ఇస్తారు. రైలు కింద వేలాడే షూ అనే ముక్క దాన్ని రాసుకుంటూ పోతూ కరెంటు తీసుకుంటుంది. మోటార్లను తిప్పిన కరెంటు చక్రాల గుండా మామూలు పట్టాల్లోకి దిగి, అక్కడినుంచి సబ్‌స్టేషన్‌కు, అంటే గ్రిడ్ కరెంటును రైలుకు తగ్గట్టు మార్చి ఇచ్చే కేంద్రానికి, తిరిగిపోతుంది. 1879లో వెర్నర్ ఫాన్ సీమెన్స్ బెర్లిన్ ప్రదర్శనలో నడిపిన బుల్లి రైలుకూ రెండు పట్టాల నడుమ ఇలాంటి కరెంటు పట్టానే ఉండేది, 150 వోల్టులతో.

చిక్కంతా వోల్టేజీ తక్కువగా ఉండడంలో ఉంది. నేలకు జానెడు ఎత్తున పడుకున్న పట్టాకు వేల వోల్టులిస్తే దాన్ని కాపాడుకోలేం. అందుకే ఎక్కువ లైన్లు 600 నుంచి 825 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) మధ్య ఆగాయి: న్యూయార్క్ సబ్‌వే 625, లండన్ దక్షిణ శివారు లైన్లు 750, 1984లో మొదలైన కోల్‌కతా మెట్రో 750, మాస్కో మెట్రో 825. హాంబర్గ్ ఎస్-బాన్ 1200 దాకా, గ్వాంగ్‌జౌ నాలుగో లైను 1500 దాకా వెళ్లాయి.

ఇప్పుడు 3 మెగావాట్లు తీసుకునే రైలును ఊహించండి. పైన తీగలో 25 వేల వోల్టులుంటే దానికి 120 ఆంపియర్లు చాలు. 750 వోల్టుల దగ్గర అదే రైలుకు 4000 ఆంపియర్లు కావాలి. కింద చెప్పబోయే కొలతలూ జాగ్రత్తలూ అన్నీ ఆ 4000 నుంచి పుట్టినవే. ఆంపియర్లు వేలల్లో ఉన్నప్పుడు ఓమ్‌లో పదివేలవ వంతు నిరోధం కూడా లెక్కకు వస్తుంది.

ముందు కాగితం మీద లెక్క

సబ్‌స్టేషన్లు ఎంతెంత దూరంలో ఉండాలో తేలకుండా పట్టా కొనకూడదు. దానికి మూడు అంకెలు చాలు. మీటరుకు 74 కిలోలుండే పాతరకం మెత్తటి ఉక్కు కరెంటు పట్టాకు నిరోధం కిలోమీటరుకు రమారమి 13 మిల్లీఓమ్‌లు. అల్యూమినియం ఒళ్లు, రాసుకునే ముఖాన స్టెయిన్‌లెస్ స్టీలు పలక ఉన్న కొత్తరకానికి దాదాపు 7. తిరుగుదారిలో మీటరుకు 60 కిలోల రన్నింగ్ పట్టాలు (చక్రాలు నడిచే మామూలు పట్టాలు) రెండూ కలిస్తే సుమారు 16. పట్టా అరిగేకొద్దీ ఈ అంకెలు పెరుగుతాయి కాబట్టి కొంత మార్జిన్ వేసుకోండి.

పోనూ రానూ కలిపితే ఉక్కుతో కిలోమీటరుకు 29, అల్యూమినియంతో 23. రైలు ఒకే సబ్‌స్టేషన్ మీద ఆధారపడి 2 కిలోమీటర్ల దూరంలో 4000 ఆంపియర్లు లాగితే, ఉక్కు లైనులో 232 వోల్టులు దారిలోనే పోతాయి. రైలుకు అందేది 518. 750 వోల్టుల వ్యవస్థకు యూరప్ ప్రమాణాల్లో కనీస హద్దు 500. అంటే అంచు మీద నిలబడ్డట్టే. అదే 4 కిలోమీటర్ల ఎడంలో రెండు సబ్‌స్టేషన్లు పెట్టి, రైలు సరిగ్గా నడిమధ్యన ఉందనుకుంటే చెరోవైపునుంచి 2000 వస్తుంది, పడిపోయేది 116 వోల్టులే. అయినా ఆ క్షణాన 464 కిలోవాట్లు పట్టాలను వేడి చేయడానికే ఖర్చవుతున్నాయి. అల్యూమినియం ధర ఎక్కువైనా కొత్త లైన్లన్నీ దానివైపు మొగ్గడానికి కారణం ఇక్కడుంది.

ఈ లెక్కను రెండోసారి, ఒక సబ్‌స్టేషన్ చెడిపోయిందనుకుని వేయండి. ఎడం 8 కిలోమీటర్లవుతుంది. మధ్యలో ఒక్క రైలుంటే ఎలాగో గట్టెక్కుతుంది. ఎదురెదురుగా వచ్చిన రెండు రైళ్లు ఒకేసారి బయల్దేరితే వోల్టేజీ కూలిపోతుంది. ట్రాఫిక్ ఎక్కువుండే మెట్రోల్లో సబ్‌స్టేషన్లను 2, 3 కిలోమీటర్లకొకటి పెట్టేది ఈ పరిస్థితి కోసమే.

ఏ వైపునుంచి ముట్టుకోవాలి

షూ పట్టాను పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి ముట్టుకోవచ్చు. పైనుంచి ముట్టుకునే పద్ధతి అన్నిటికంటే చవక. షూ తన బరువుతో తానే ఆనుతుంది. పట్టా మాత్రం పైకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి వాన, మంచు, ఆకులు, పొరపాటున వేసిన అడుగు, అన్నీ దానిమీదే పడతాయి. బ్రిటన్‌లో దాని కొలతలు స్థిరం: పట్టా పైముఖం రన్నింగ్ పట్టాల కంటే 76 మిల్లీమీటర్లు ఎత్తున, దాని మధ్యగీత, తనకు దగ్గరగా ఉన్న రన్నింగ్ పట్టా లోపలి అంచునుంచి 406 మిల్లీమీటర్ల దూరాన ఉండాలి.

కిందనుంచి ముట్టుకునే పద్ధతిలో షూను స్ప్రింగు పైకి నొక్కుతుంది. పట్టాకు పైనా పక్కనా ఫైబర్‌గ్లాస్ కవరు తొడిగేయవచ్చు. పాదం పొరపాటున తగలదు, మంచు ముఖం మీద పేరుకోదు. 1900ల తొలి ఏళ్లలో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ లైన్ల కోసం ఈ రకం తయారైంది. మాస్కో మొదటినుంచీ దీనితోనే నడుస్తోంది. కొత్తగా లైను వేసేవాళ్లకు ఇదే సరైనది. ఆరుబయట నడిచే లైనుకు పైముఖం పద్ధతిని ఇప్పుడు కొత్తగా ఎంచుకోవడానికి పాత లైనుతో కలవాల్సిన అవసరం తప్ప వేరే కారణం కనపడదు. ఆ అవసరం చిన్నదేమీ కాదు. న్యూయార్క్‌లోనే లాంగ్ ఐలండ్ రైళ్లు పైనుంచి, పక్కనే నడిచే మెట్రో-నార్త్ రైళ్లు కిందనుంచి కరెంటు తీసుకుంటాయి. ఒకదాని షూ రెండోదాని పట్టాకు పనికిరాదు. రెండిటికీ సరిపోయే షూలను తర్వాత ప్రత్యేకంగా తయారు చేసుకోవాల్సి వచ్చింది.

పట్టా నిలపడం, జాయింటు కట్టడం

ఇన్సులేటర్లు సాధారణంగా 3 నుంచి 5 మీటర్లకొకటి వస్తాయి. ఉక్కు పట్టా బరువు కాబట్టి దగ్గరదగ్గరగా, అల్యూమినియానికి కొంచెం ఎడంగా. ప్లాట్‌ఫారం ఉన్నచోట కరెంటు పట్టా ఎప్పుడూ అవతలి వైపునే ఉండాలి. ఎత్తూ దూరమూ కొలిచేటప్పుడు ఆధారం నేల కాదు, రన్నింగ్ పట్టా. రెండు రన్నింగ్ పట్టాల మీద ఆనించే గేజితో ప్రతి ఇన్సులేటరు దగ్గరా కొలవండి. వంపుల్లో బయటి పట్టా ఎత్తుగా ఉంటుంది కనుక స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే తప్పు కొలతే వస్తుంది. ట్రాక్ గ్యాంగు బాలాస్ట్ (పట్టాల కింది కంకర) కూరి పట్టాలెత్తిన ప్రతిసారీ ఈ కొలత మళ్లీ తీయాలి. ట్రాక్ పనివాళ్లది ఒక విభాగం, కరెంటు పట్టాది ఇంకోటి అయినచోట సరిగ్గా ఇదే తప్పిపోతుంది.

అల్యూమినియం పట్టా సాధారణంగా 15 మీటర్ల ముక్కలుగా వస్తుంది. ముక్కకూ ముక్కకూ మధ్య రెండు పక్కలా అల్యూమినియం ప్లేట్లు పెట్టి బోల్టులతో బిగిస్తారు. ఈ జాయింటు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే లైనులో మొదట కాలిపోయేది ఇదే.

అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే ఆక్సైడు పొర కట్టుకుంటుంది. ఆ పొర కరెంటును పోనివ్వదు. కాబట్టి ముందు రుద్ది, తర్వాత భోజనానికి వెళ్లొచ్చి ప్లేటు బిగిస్తే రుద్దినదంతా వృథా. చేయాల్సిన తీరు ఇది: ప్లేటు కూర్చునే చోట ఆ పనికి తయారైన కాంటాక్ట్ గ్రీజు పలచగా పూయండి. గ్రీజు మీదనుంచే స్టెయిన్‌లెస్ తీగల బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్దండి. గ్రీజు అడ్డుగా ఉండడంతో కొత్త పొర కట్టుకోదు. నల్లగా మారిన గ్రీజు తుడిచి, కొత్తది పూసి, వెంటనే ప్లేటు ఆనించి బోల్టులు ఎక్కించండి. ఆ బ్రష్షు ఉక్కు మీద ఎప్పుడూ వాడకండి. అందులో చిక్కిన ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి తేమ తగలగానే తుప్పు పుట్టిస్తుంది. బోల్టులను టార్క్ రెంచితో, తయారీదారు చెప్పిన అంకెకు, మధ్యవి ముందు చివరవి తర్వాత అన్న వరసలో బిగించి, ప్రతి బోల్టు మీదా రంగు గీత గీయండి. గీత పక్కకు జరిగితే బోల్టు వదులైందని నడుస్తూ పోతూనే కనిపెట్టవచ్చు.

తర్వాత రాసుకునే ముఖం చూడాలి. జాయింటు మీద గోరు జరపండి. గోరుకు మెట్టు తగిలితే షూకూ తగులుతుంది. ఎత్తుగా ఉన్న వైపు ఆకురాయితో, కొద్దికొద్దిగా, పొడవుగా వాలు వచ్చేలా రుద్దండి.

ఇక కొలత. జాయింటుకు అటూ ఇటూ రెండు చోట్లనుంచి 100 ఆంపియర్ల డీసీ పంపి, ఆ లోపల వేరే రెండు తీగలతో మిల్లీవోల్టులు చూడండి. మామూలు మల్టీమీటరు ఓమ్ స్కేలు ఇక్కడ పనికిరాదు, దాని తీగల నిరోధమే జాయింటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మంచి పట్టా మీటరుకు 7 మైక్రోఓమ్‌లు, అంటే 100 ఆంపియర్లకు 0.7 మిల్లీవోల్టు. జాయింటున్న మీటరు కూడా ఆ దరిదాపుల్లోనే రావాలి. పది మిల్లీవోల్టులు కనపడిందంటే నిరోధం 100 మైక్రోఓమ్‌లు. చిన్నదిగా అనిపిస్తుంది గానీ 4000 ఆంపియర్లు పోయినప్పుడు ఆ ఒక్క జాయింటులో 1600 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు పొయ్యి ఒకటి పట్టాలో పెట్టి మరిచిపోయినట్టు. ఆ వేడికి బోల్టు సాగుతుంది, బిగువు తగ్గుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. మొదటి రోజు 10 మిల్లీవోల్టులు చూపిన జాయింటును విప్పి మళ్లీ కట్టండి. తర్వాత చూద్దామని వదలకండి.

రాగి కేబుల్ అల్యూమినియం పట్టాకు కలిసేచోట తగరం పూసిన లగ్గు (కేబుల్ కొసకు తొడిగే ముక్క) కానీ, రెండు లోహాల ప్లేటు కానీ తప్పనిసరి. ఉత్త రాగిని అల్యూమినియం మీద బిగిస్తే తేమలో అల్యూమినియమే తినుకుపోతుంది.

వ్యాకోచానికి చోటు

అల్యూమినియం డిగ్రీకి, మీటరుకు 0.023 మిల్లీమీటరు సాగుతుంది. ఉక్కు అందులో సగం. 100 మీటర్ల అల్యూమినియం పట్టా 50 డిగ్రీల తేడాకు 115 మిల్లీమీటర్లు కదులుతుంది. అందుకని పొడవును భాగాలు చేసి, ప్రతి భాగాన్నీ నడిమధ్యన యాంకర్‌తో కదలకుండా పట్టి, రెండు కొసల్లో వ్యాకోచ జాయింట్లు పెడతారు. మధ్యలో ఉన్న ఇన్సులేటర్ల మీద పట్టా జారాలి. అక్కడ క్లిప్పును గట్టిగా బిగిస్తే, పట్టా సాగినప్పుడు ఇన్సులేటరు విరుగుతుంది లేదా పట్టా పక్కకు వంగుతుంది.

వ్యాకోచ జాయింటులో ఎంత సందు వదలాలన్నది బిగించేటప్పటి పట్టా వేడిని బట్టి. పట్టా ఒంటిమీద థర్మామీటరు పెట్టండి. గాలి వేడి చూస్తే తప్పుతారు, ఎండలో పట్టా గాలికంటే చాలా వేడిగా ఉంటుంది, పైగా కరెంటు పోతే ఇంకా కాగుతుంది. పట్టా గరిష్ఠంగా 80 డిగ్రీలకు పోతుందని రూపకల్పనలో రాశారు, ఇప్పుడు 35 ఉంది, యాంకర్ నుంచి యాంకర్‌కు 100 మీటర్లు అనుకుందాం. 45ను 100తో, 0.023తో గుణిస్తే దాదాపు 104 మిల్లీమీటర్లు. ఆ సందు, దానిమీద తయారీదారు చెప్పిన అదనం వదలాలి. తెల్లవారుజామున చల్లని వేళ 40 మిల్లీమీటర్ల సందుతో బిగించి వచ్చేస్తే, మొదటి ఎండాకాలం మధ్యాహ్నం పట్టా కొసలు ఢీకొంటాయి.

సందులు, ర్యాంపులు

క్రాసింగులు, పాయింట్లు (రైలు ఒక దారినుంచి ఇంకో దారికి మళ్లేచోట్లు), లెవెల్ క్రాసింగుల దగ్గర కరెంటు పట్టా తెగిపోక తప్పదు. పట్టా తెగినచోట కరెంటు భూమిలోంచి వేసిన జంపర్ కేబుల్ ద్వారా అవతలికి పోతుంది. షూ మాత్రం గాల్లో ఉండి మళ్లీ పట్టా మీదికి రావాలి. అందుకని ప్రతి కొసనూ ర్యాంపుగా వంచుతారు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ర్యాంపు వాలు 30కి 1 అయితే షూ సెకనుకు 0.74 మీటరు వేగంతో పైకో కిందికో కొట్టబడుతుంది. 60కి 1 అయితే అందులో సగం. వేగం పెరిగేకొద్దీ ర్యాంపు పొడవు పెంచాలి. డిపోలో వాడే పొట్టి ర్యాంపును మిగిలిందని తెచ్చి మెయిన్ లైనులో బిగిస్తే, కొన్ని వారాల్లోనే ఆ చోట షూలు విరిగి దొరకడం మొదలవుతుంది.

సందు పొడవు, రైలు మీద షూల ఎడం, ఈ రెండూ కలిపి చూడాలి. సందు 30 మీటర్లుండి, రెండు పెట్టెల రైలులో మొదటి షూ నుంచి చివరి షూకు 25 మీటర్లే ఉంటే, ఆ రైలు సందు నడుమ ఆగితే ఇక కదలదు. వెనకనుంచి ఇంకో రైలు తోయాలి. సందు కంటే పొడవైన రైలులో పెట్టెలన్నిటి షూలనూ లోపల బస్ కేబుల్‌తో కలిపితే ఈ బాధ తప్పుతుంది, కానీ ఇంకో ప్రమాదం వస్తుంది. కరెంటు ఆపిన సెక్షనుకూ (విడిగా కరెంటు ఆపగల లైను భాగానికీ), కరెంటు ఉన్న సెక్షనుకూ మధ్య సందు మీదికి రైలు వస్తే, ముందు షూ ఒకదాని మీద, వెనక షూ రెండోదాని మీద ఆనుతాయి. ఆపిన సెక్షన్‌లోకి రైలు గుండా 750 వోల్టులు పోతాయి. పని జరిగే సెక్షనుకు ఇవతల ఒక సెక్షను ముందే రైళ్లను ఆపాలన్న నియమానికి మూలం ఇదే.

షూ

షూ పోత ఇనుముతోనో, గ్రాఫైట్ రకం పదార్థంతోనో ఉంటుంది. కింది ముఖం పద్ధతిలో స్ప్రింగు 100 నుంచి 200 న్యూటన్ల మధ్య నొక్కేలా చూసుకుంటారు. ఒత్తిడి తక్కువైతే షూ ఎగిరి మెరుపులు వస్తాయి, ఎక్కువైతే రెండూ త్వరగా అరుగుతాయి. స్ప్రింగు త్రాసుతో రెండు ఎత్తుల దగ్గర లాగి చూడండి. అంకెలు బాగా తేడాగా వస్తే కీలు బిగుసుకుందని అర్థం.

షూ చేతిలో కావాలనే బలహీనంగా చేసిన చోటు ఒకటి ఉంటుంది. షూ దేనికైనా తగులుకుంటే అక్కడ విరిగి పడిపోవాలి, మొత్తం చట్రాన్ని ఊడబెరకకూడదు. విరుగుతోందని దాన్ని వెల్డింగుతో బలపరిచేవాళ్లున్నారు. అలా చేస్తే తర్వాతి దెబ్బకు పదుల మీటర్ల కరెంటు పట్టా లేచిపోతుంది.

మెరుపు ఎక్కడ వస్తోందో గమనిస్తే తప్పు పట్టాదా షూదా తెలుస్తుంది. ప్రతి రైలుకూ ఒకేచోట నీలి మెరుపు వస్తే అక్కడ జాయింటో ర్యాంపో ఎత్తు తేడానో ఉంది. ఒకే రైలుకు ఒకే షూ దగ్గర దారిపొడుగునా వస్తుంటే రైలును షెడ్డుకు పంపండి.

ఇంకొకటి. షూలు రైలుకు రెండు పక్కలా ఉంటాయి, సాధారణంగా అన్నీ లోపల కలిసే ఉంటాయి. ఒక్క షూ పట్టాను తాకినా మిగతా అన్ని షూల మీదా 750 వోల్టులుంటాయి. పట్టా లేని వైపునుంచి, ప్లాట్‌ఫారం కిందనుంచి రైలు అడుక్కి చేయి పెట్టేవాళ్లు దీన్ని మరిచిపోతారు.

సబ్‌స్టేషన్, బ్రేకర్లు

గ్రిడ్ నుంచి 11 వేలో 33 వేలో వోల్టుల ఏసీ (దిశ మారుతుండే కరెంటు) వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని 590 వోల్టుల దరికి దించుతుంది. ఏసీని డీసీగా మార్చే డయోడ్ బ్రిడ్జి (రెక్టిఫయర్) దాన్ని 1.35 రెట్లు, అంటే 800 దగ్గరి డీసీగా ఇస్తుంది. లోడు పడితే అదే 750కి దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు స్టార్ ఒకటి, డెల్టా ఒకటి, రెండు సెకండరీలు (కరెంటు బయటికిచ్చే చుట్లు) పెట్టి 12 పల్సుల రెక్టిఫయర్ కడతారు. 50 హెర్ట్జ్ గ్రిడ్ మీద అలల ఫ్రీక్వెన్సీ 600 హెర్ట్జ్‌కు పోయి, గ్రిడ్‌లోకి పోయే హార్మోనిక్స్ (అలను చెడగొట్టే అదనపు ఫ్రీక్వెన్సీలు) తగ్గుతాయి. రైళ్ల లోడు కుదుపులతో ఉంటుంది కాబట్టి 150 శాతాన్ని 2 గంటలు, 300 శాతాన్ని 1 నిమిషం తట్టుకునే తరగతి రెక్టిఫయర్ తీసుకోవాలి.

కష్టమైన భాగం ఫీడర్ బ్రేకరు, అంటే లైనులో తప్పు జరిగితే కరెంటు తెంచే స్విచ్చు. డీసీకి ఏసీలోలా సున్నా దాటే క్షణం ఉండదు, ఆర్క్ (తెరుచుకున్న కొసల మధ్య గాల్లో మండే మెరుపు) దానంతటది ఆరదు. బ్రేకరు కొన్ని మిల్లీసెకన్లలో తెరుచుకుని, ఆర్క్‌ను పలకల మధ్యకు తోసి, ముక్కలు చేసి చల్లార్చాలి. దగ్గర్లో షార్టయితే కరెంటు పదుల కిలోఆంపియర్లు దాటుతుంది, దాన్ని పట్టుకోవడం తేలికే. దూరంలో అయితేనే తంటా. 3 కిలోమీటర్ల అవతల ఉక్కు లైనులో షార్టయితే 750ని 87 మిల్లీఓమ్‌లతో భాగించండి: 8600 ఆంపియర్లే. రెండు రైళ్లు కలిసి బయల్దేరినా అంతే వస్తుంది. బ్రేకరును 8000కి పెడితే రైళ్లు బయల్దేరినప్పుడల్లా ట్రిప్, 10 వేలకు పెడితే దూరపు షార్టు అలాగే కాలుతూ ఉంటుంది.

అందుకని బ్రేకరుకు ట్రిప్ ఆదేశమిచ్చే రిలే, కరెంటు ఎంతుందో ఒక్కటే చూడదు. ఎంత వేగంగా పెరిగిందో, పెరగడం మొదలయ్యాక మొత్తం ఎంత పెరిగిందో కూడా చూస్తుంది. రైలు కరెంటు సెకన్లలో మెల్లగా ఎక్కుతుంది, షార్టుది ఒక్క ఊపులో ఎక్కుతుంది. రైలు సందు దాటి మళ్లీ పట్టా తాకినప్పుడు దాని ఫిల్టర్ కెపాసిటర్ నిండుతూ చిన్న ఊపు వస్తుంది. వేగం షార్టులాగే ఉన్నా మొత్తం పెరుగుదల తక్కువ. ఈ రెండిటికీ మధ్య సెట్టింగు దొరకాలంటే లైను మొదలుపెట్టే ముందు దూరపు కొసన నిజంగా షార్టు చేసి రికార్డు తీసుకోవడం మేలు. ఇరుగుపొరుగు సబ్‌స్టేషన్ల బ్రేకర్లకు ట్రిప్ సంకేతం పంపే తీగ కూడా ఉండాలి. ఒకటి తెరుచుకున్నా రెండోవైపునుంచి కరెంటు వస్తూనే ఉంటుంది.

బ్రేకు వేసే రైలు కరెంటును తిరిగి పట్టాలోకి పంపగలదు, కానీ డయోడ్ రెక్టిఫయర్ దాన్ని గ్రిడ్‌కు పోనివ్వదు. దగ్గర్లో ఇంకో రైలు లాగుతుంటేనే పనికొస్తుంది. లేకపోతే వోల్టేజీ పెరుగుతుంది. నిలకడగా 900, కొద్దిసేపటికి 1000 హద్దు. అది దాటకుండా రైలు తన రెసిస్టర్లలో కాల్చేసుకుంటుంది.

తిరుగుదారి

పట్టించుకోనిది ఇదే, పాడయ్యేది కూడా ఇదే. రన్నింగ్ పట్టాల్లో 4000 ఆంపియర్లు తిరిగొస్తున్నప్పుడు వాటికీ నేలకూ మధ్య వోల్టేజీ పుడుతుంది. దానివల్ల కొంత కరెంటు నేలలోకి జారి, దగ్గర్లోని నీటి పైపులోనో సొరంగం ఉక్కులోనో ఎక్కి, సబ్‌స్టేషన్ దగ్గర దిగుతుంది. దిగేచోట లోహం కరిగిపోతుంది. ఒక్క ఆంపియరు ఏడాదిపాటు అలా దిగితే 9 కిలోల ఇనుము పోతుంది. లండన్ అండర్‌గ్రౌండ్ నాలుగో పట్టా పెట్టుకున్నది ఈ జారుడును తప్పించడానికే. సంప్రదాయంగా బయటి పట్టా ప్లస్ 420, నడిమి పట్టా మైనస్ 210. రన్నింగ్ పట్టాల్లో మోటారు కరెంటే ఉండదు.

నాలుగో పట్టా లేనిచోట రన్నింగ్ పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు, ఇన్సులేటెడ్ క్లిప్పులు ఉండాలి. బాలాస్ట్ పట్టా అడుగును తాకకుండా సందు ఉండాలి. సబ్‌స్టేషన్ మైనస్‌ను నేలకు కట్టేయకూడదు. పట్టా వోల్టేజీ 120 దాటకుండా, వర్క్‌షాపుల్లో 60 దాటకుండా, స్టేషన్ల దగ్గర పట్టాను తాత్కాలికంగా నేలకు కలిపే పరికరం పెడతారు. అది తరచు మూసుకుంటుంటే పరికరాన్ని తిట్టుకోకుండా దారిలో ఎక్కడో బాండ్ (జాయింటు మీదుగా పట్టాలను కలిపే కేబుల్) తెగిందేమో వెతకండి. ఫిష్‌ప్లేటు (పట్టా ముక్కలను కలిపే పలక) జాయింట్ల మీద రాగి బాండ్లు దొంగలకు ఇష్టమైనవి. తెగిన బాండ్ రెండు కొసల మధ్య రైలు వచ్చే వేళ ప్రాణం తీసేంత వోల్టేజీ ఉండొచ్చు. వట్టి చేతులతో కలపకండి.

చలి, మురికి

పైముఖం పట్టా మీద మంచుగడ్డ పలచటి గాజు పొరలా పడితే షూ దానిమీద జారుతూ మెరుపులు విసురుతుంది, రైలుకు శక్తి అందదు. విరుగుడు ముందే చేయాలి: రాత్రి గడ్డకట్టకముందే ద్రవం చల్లడం, ఖాళీ రైళ్లను తిప్పుతూ ఉండడం, ఎత్తు ఎక్కే చోట్ల పట్టాకు హీటర్లు కట్టడం. పొర కట్టాక చల్లితే పని సగమే అవుతుంది.

సొరంగాల్లో శత్రువు ఇనుప ధూళి. బ్రేకులు, షూలు అరిగిన రజను ఇన్సులేటర్ల మీద పేరుకుంటుంది. పైకప్పునుంచి నీటి చుక్క పడితే అది దారవుతుంది, సన్నగా పొగ మొదలవుతుంది. ఏడాదికొకసారి కడగడం కంటే, చుక్కపడే చోట్లను గుర్తించి అక్కడ నెలనెలా తుడవడం మేలు. ముందు నీటిని పక్కకు మళ్లించే రేకు కట్టండి.

కరెంటు ఆపి పని చేసే వరస

పవర్ బ్లాక్ (పని కోసం కరెంటు ఆపే అనుమతి) అడిగేటప్పుడు సెక్షను పేరు, రెండు కొసలు, పనివేళ స్పష్టంగా చెప్పి, కంట్రోలు నుంచి వచ్చిన నిర్ధారణను పేరు, సమయంతో రాసుకోండి. ఆ సెక్షన్‌కు రెండు వైపులా బ్రేకర్లు, ఐసొలేటర్లు (దారిని పూర్తిగా వేరుచేసే స్విచ్చులు) తెరిచి తాళం వేయాలి. ఒకవైపు తెరిచి ఆగితే ఏమీ ఆపనట్టే. రైళ్లు పక్క సెక్షన్‌కు ముందే ఆగేలా బోర్డులు పెట్టించండి.

పట్టా దగ్గరికొచ్చాక వోల్టేజీ టెస్టరును ముందు పనిచేస్తోందని తెలిసిన మూలం మీద చూడండి. తర్వాత కరెంటు పట్టా మీద. తర్వాత మళ్లీ తెలిసిన మూలం మీద. మధ్యలో టెస్టరు చచ్చిపోతే కరెంటున్న పట్టా కూడా లేనట్టే చూపుతుంది కాబట్టి మూడో అడుగు వదలకండి.

ఇప్పుడు కరెంటు పట్టాను రన్నింగ్ పట్టాకు కలిపి ఉంచే షార్టింగు బారు. దాని కేబుల్‌ను ముందు రన్నింగ్ పట్టాకు బిగించండి. అది గట్టిగా పట్టిందని లాగి చూశాకే, ఇన్సులేటెడ్ కర్రతో రెండో కొసను కరెంటు పట్టాకు తగిలించండి. వరస తప్పి ముందు కరెంటు పట్టాకు తగిలిస్తే, ఒకవేళ అందులో కరెంటుంటే మీ చేతిలోని రెండో కొస మీద 750 వోల్టులుంటాయి. పనిచోటుకు రెండు వైపులా ఒక్కో బారు ఉండాలి.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే వాళ్లను ముట్టుకోకుండా ముందు కంట్రోలుకు చెప్పి కరెంటు ఆపించండి. డీసీ కండరాలను బిగపట్టేస్తుంది, లాగబోయినవాళ్లను కూడా.

పని ముగిశాక పనిముట్లు లెక్కపెట్టండి. పట్టా కింద మరిచిన స్పానరు ఒక్కటి చాలు బ్రేకరును ట్రిప్ చేయడానికి. మనుషులందరినీ పట్టాల బయటికి పంపి, పేర్లు సరిచూసి, బారులను తిరగేసిన వరసలో, కరెంటు పట్టా కొస ముందు, రన్నింగ్ పట్టా కొస తర్వాత తీయండి. సెక్షన్ మొత్తానికీ 1000 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టి నేలకు నిరోధం చూసి, కిందటిసారి అంకెతో పోల్చి రాసుకోండి. బాగా తగ్గితే కరెంటివ్వకముందే ఎందుకో కనుక్కోండి. బాగానే ఉంటే కంట్రోలుకు బారుల సంఖ్య, మనుషుల సంఖ్య చెప్పి బ్లాక్ వదలండి. మొదటి రైలును తక్కువ వేగంతో పంపించి, కొత్తగా కట్టిన జాయింటు మీద షూ దాటేటప్పుడు మెరుపు వస్తుందేమో నిలబడి చూడండి.